కోతపండుగ వేలంలో విల్లో బ్యాటు

ఒక్క ఇంగ్లిషు మాటకు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్న పాపానికి, మా బావ క్రికెట్ జట్టును నడిమైదానంలో నిలువునా ముంచినవాణ్ణి నేను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో, ఆళ్లగడ్డ పక్కనే ఉన్న మా ఊరి చర్చి సంఘంలో కోతపండుగకు వాక్యం చెప్పమని పాస్టరు అయ్యగారు పిలిచారు. నా మొదటి ప్రసంగం. బైబిలు కీర్తనల్లో, బబులోను చెరలో ఉన్న యూదులు తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించిన సంగతి ఎంచుకున్నాను. నిరవంజిని ఇంగ్లిషు బైబిల్లో ‘విల్లో’ అన్నారు. నిఘంటువు తిరగేస్తే, అది ‘వెలిగ్’ అనే పాత ఇంగ్లిషు మాట నుంచి వచ్చిందనీ, దాని వేరులో మెలితిరగడం, వంగడం అనే అర్థం ఉందంటారనీ తెలిసింది. ఆ లేత కొమ్మలతో బుట్టలు అల్లుతారట. క్రికెట్ బ్యాట్లు చేసేదీ ఆ జాతి కర్రతోనేనట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త ప్రసంగీకుడు ముందూ వెనకా కూడా ఎరగడు.

ఆళ్లగడ్డలో మా బావ దగ్గరికి పోయాను. వాళ్ల జట్టుకున్న రెండు బ్యాట్లలో విరగనిది ఆయనదే.

“మధ్యాన్నం ఫైనల్ ఉండాది. బ్యాటుతో నీకేం పనిరా?” అన్నాడు. ఆదివారం ఆటేమిటని నన్నడక్కండి, ఆ జవాబు ఆయన పైన చెప్పుకుంటాడు.

“వాక్యం చెప్పేటప్పుడు చూపిస్తా బావా. ఆరాధన కాంగానే తెచ్చిస్తా.”

“చేతిలో పట్టుకోని చూపిచ్చు. యాడా పెట్టాకు.”

ఆరాధనలో వేదికెక్కి, బ్యాటెత్తి చూపిస్తూ చెలరేగిపోయాను. “ఈ కర్ర బబులోను చెట్టు సంతతి. దాని పేరులోనే వంగడం ఉంది. మనమూ దేవుని ముందు వంగాలి. ఆయనకు ఇచ్చింది మళ్లీ వెనక్కి అడగకూడదు.” ఆమెన్‌లకు పైరేకులు అదిరాయి. ఆ ఊపులో బ్యాటును వేదిక ముందు పేర్చిన గుమ్మడికాయలకు ఆనించి మోకరించాను.

మా పద్ధతి తెలియనివాళ్లకు ఒక మాట. కోతపండుగనాడు వేదిక ముందు పెట్టినదంతా అర్పణే. అయ్యగారు దాని మీద ప్రార్థన చేశాక వేలం వేస్తారు. నేను కళ్లు తెరిచేసరికి ప్రార్థన అయిపోయింది. సొరకాయలు పోయాయి, నాటుకోడి పోయింది. సంఘపెద్ద బ్యాటెత్తాడు.

“అది నాది కాదు పెద్దనాయనా, మా బావది.”

“ఇప్పుడు మీ బావది గూడా కాదులేప్పా, దేవునిది. పాడేటోళ్లు పాడండి.”

నంద్యాల బస్సు చార్జీ మొత్తం పాడాను. నా భక్తికి చప్పట్లు కొట్టారు. వెంటనే ముందు వరసలో మరియమ్మవ్వ నా మీద పాడింది.

“అవ్వా, నీకెందుకది? ఆడుకునే బ్యాటు.”

“బబులోను చెట్టని నువ్వే చెప్తివి గదప్పా. తలకాడ పెట్టుకుంటా.”

“ఆ చెట్టే కాదవ్వా, ఆ జాతి.”

“జాతి మంచిదైతే సాలు. నువ్వు కూచో.”

ఇంతకీ ఆ నిరవంజి అసలు విల్లోనే కాకపోవచ్చని కొందరు పండితులు అంటారట. ఆ ముక్క తర్వాత చదివాను. చదువు ఎప్పుడూ అంతే, కొంప మునిగాక తెప్ప తెస్తుంది.

బ్యాటు అవ్వదైంది. వెతుక్కుంటూ మోటార్‌సైకిల్ మీద వచ్చిన బావ నన్ను చూసిన చూపుకు, ఆకాశం నుంచి అగ్ని కురిసిన సొదొమ పట్నం గుర్తొచ్చింది. అవ్వను బతిమాలాడు.

“మ్యాచ్ అయినాంక తెచ్చిస్తానవ్వా.”

“నీ చేతికిచ్చి ఈడ కూచుంటానా? నేనూ వస్తా. నీ ఆట అయ్యేదాకా ఆడుకో నాయనా.”

బ్యాటు ఒళ్లో పెట్టుకుని బావ వెనక కూర్చుంది. నేను ఆటో ఎక్కాను. మైదానంలో గీత పక్కనే కుర్చీ వేయించుకుంది. మొదట బావే దిగాడు. మొదటి బంతికే వికెట్లు లేచిపోయాయి. తల దించుకుని వస్తుంటే, తర్వాతివాడు బ్యాటు కోసం చేయి చాచాడు. వాడికంటే ముందు అవ్వ గీత దాటి బ్యాటు లాక్కుంది.

“నీ ఆట అయిపాయె గదా. పోయి నీడకు కూచో,” అని, దాన్ని కొంగుతో తుడిచి చంకన పెట్టుకుని, కుడికీ ఎడమకూ తిరగకుండా బస్టాండు దారి పట్టింది. మిగిలిన పదిమందీ విరిగిన బ్యాటును చూశారు. తర్వాత నన్ను చూశారు.

భూమ్యాకాశాల సాక్షిగా చెబుతున్నాను, ఇకమీదట ప్రసంగానికి అరువు వస్తువు తీసుకుపోను. ఆవగింజంత విశ్వాసం గురించి చెప్పాల్సి వస్తే, ఆ ఒక్క ఆవగింజా మా ఇంటి పోపుడబ్బాలోదే. అదైనా పిడికిలి విప్పకుండానే చూపిస్తాను.