మిడత సైకిలు బరువు

రేసు మైదానంలో సైకిలు ఎత్తగానే బ్రేకత్త గుండెలో రాయి పడింది. నిన్న సాయంత్రం తన షాపులో బిగించి పంపిన బండే ఇది. అదే ఎర్ర ఫ్రేము, అవే చక్రాలు, అదే పలుచని ప్లాస్టిక్ సీటు. కాని చేతికి తేలిగ్గా వచ్చింది. ఎక్కడో పిడికెడు ఇనుము మాయమైంది.

"ఇటివ్వత్తా, మా రేసు పిలుస్తున్నారు!" అని మేనకోడలు బండి లాక్కుని మట్టిదిబ్బ మీదికి తోసుకుపోయింది.

ఆమెకు బ్రేకత్త అనే పేరు వీధిలో పిల్లలు పెట్టారు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినా సరే, బ్రేకులు చూడకుండా బండి చేతికిచ్చేది కాదు. "గాలి కొట్టమంటే నీతులు కొడుతుంది" అని పెద్దవాళ్లు కూడా నవ్వేవారు. ఆమె వినిపించుకోకుండా బ్రేకు తీగ లాగి చూసేది. తండ్రి పోయాక సైకిలు షాపు ఆమెకు వచ్చింది, తమ్ముడు ఇనుము చెక్కే లేత్ మెషీన్ పని నేర్చుకుని వర్క్‌షాపులో చేరాడు. ఆ తమ్ముడి కూతురే మిడత. చిన్నప్పుడు గడప దాటడమన్నది తెలియదు, గెంతడమే. అందుకే ఆ పేరు.

మట్టిగుట్టల మీద చిన్న సైకిళ్లతో పెట్టే బీఎమ్మెక్స్ రేసుల్లో మిడతది ఒకటే తంటా. మొదట్లో అడ్డంగా నిలిపిన గేటు పడగానే మిగతావాళ్లు రివ్వున పోయేవారు. ఈ పిల్ల బండిని కదిలించేసరికి మొదటి గుట్ట దగ్గర వెనక పడేది. ఆ బండి ఎవరో వాడి వదిలేసింది, గాల్లో గిరికీలు కొట్టడానికి చేసింది. పిల్ల బక్కపలచన, బండి ఏనుగు.

"దీన్ని తేలిక చెయ్యత్తా" అని మిడత కాళ్లావేళ్లా పడింది.

బ్రేకత్త వేలాడే కాటాకు బండిని తగిలించి మొదలుపెట్టింది. గిరికీలప్పుడు కాలు పెట్టేందుకు చక్రాల ఇరుసులకు తగిలించిన ఇనుప గొట్టాలు ఊడదీసింది. బరువైన టైర్లు తీసి సన్నటివి వేసింది. సీటు కింది రాడ్డు కోసింది, ఇనుప పెడళ్లు మార్చింది. ముందు బ్రేకు అక్కర్లేదని రేసువాళ్లు అన్నారు కాబట్టి అదీ తీసింది, మనసొప్పకపోయినా. ముల్లు కిందికి దిగుతున్న కొద్దీ మిడత కళ్లు వెలిగేవి.

ఒకచోట బ్రేకత్త ఆగింది. "ఇక చాలు."

"ఇంకా ఉందక్కా. పెడళ్ల ఇరుసు చూడు, నిండు ఇనుము. లోపల బోర్ కొట్టి డొల్ల చేస్తే ఎంతో తగ్గుతుంది" అన్నాడు తమ్ముడు.

"గుర్రం తేలికవుతుందని కాళ్లు సన్నగా చెక్కుతావా? పిల్ల బలమంతా పడేది దాని మీదేరా."

"పోయిన రేసు తర్వాత అది అన్నం ముట్టలేదక్కా."

"తన జడ కత్తిరించుకోమను, అదీ బరువే" అని నవ్వేసింది. మాట అక్కడితో తెగిపోయిందనుకుంది.

ఇప్పుడు ఆమె దిబ్బ ఎక్కుతూ ఎదుట పోతున్న బండిని కళ్లతో తడుముతోంది. బిగించిన ప్రతి బోల్టు మీంచి పక్క ఇనుము మీదికి ఎర్ర గోళ్లరంగుతో గీత పెట్టడం ఆమె అలవాటు. బోల్టు కదిలితే గీత తెగుతుంది. హ్యాండిల్ దగ్గర గీత సరిగానే ఉంది. సీటు దగ్గరా అంతే. పెడలును ఇరుసుకు కలిపే కొమ్ము దగ్గర బోల్టు మీద రంగు ఒక పక్కకి, ఇనుము మీద రంగు ఇంకో పక్కకి ఉన్నాయి.

కంచె అవతల నిలబడ్డ తమ్ముడు ఆమె చూపు ఎక్కడ ఆగిందో చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

"ఏం చేశావురా?"

"కొంచెమే అక్కా. లోపల బోర్..."

"చుట్టూ గోడ మందం ఎంత మిగిల్చావు?"

తమ్ముడు కంచె కడ్డీ పట్టుకున్నాడు. "డ్రిల్లు పక్కకి జరిగింది. ఒకవైపు పలచబడింది. పరవాలేదనిపించింది..."

ఆమె మిగతాది వినలేదు. పైన పిల్లలంతా గేటుకు ముందు చక్రాలు ఆనించి పెడళ్ల మీద లేచి నిలబడ్డారు. "రైడర్లు సిద్ధం" అని మైకు అరిచింది. బ్రేకత్త మోకాళ్లు పట్టేస్తున్నా మట్టిలో జారుతూ పరుగెత్తింది. ఎవరో "ఏయ్, లోపలికి రాకూడదు!" అన్నారు. ఆమె మిడత వెనక చక్రాన్ని రెండు చేతులతో వాటేసుకుంది.

"వదులత్తా! వదులు!"

"ఇరుసు విరుగుతుందే, దిగు!"

గేటు ధడాలున పడింది. అందరూ ఒక్క ఊపున పల్లంలోకి దూకారు. మిడత శక్తంతా పెట్టి తొక్కబోయింది, చక్రం కదల్లేదు. టైరు మట్టి బ్రేకత్త చెంపంతా పూసుకుంది. దుమ్ము సర్దుకునేసరికి దిబ్బ మీద వాళ్లిద్దరే మిగిలారు.

మిడత హెల్మెట్ తీసి నేలకేసి కొట్టింది. "నా రేసు పాడుచేశావు. నీతో మాట్లాడను."

సాయంత్రం షాపులో తమ్ముడు ఇరుసు ఊడదీశాడు. మిడత గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. బోర్ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆ పక్క గోడ గోరంత మందం కూడా లేదు. అయినా పిల్ల నమ్మలేదు. తమ్ముడు ఇరుసును పనిబల్ల మీది ఇనుప పట్టు వైస్‌లో బిగించి, పొడవాటి పైపు తొడిగి నొక్కాడు. విరగలేదు.

"చూశావా!" అంది మిడత.

మళ్లీ నొక్కాడు. విరగలేదు. బ్రేకత్త ఇరుసు దగ్గరికి వంగి చూసింది. పొరపాటు పడ్డానా అనుకుంది. తమ్ముడు ఈసారి పైపుకు వేలాడి ఊగాడు. కీచుమని శబ్దమొచ్చి, ఇరుసు పలచని వైపు గుడ్డలా చిరిగింది. పైపుతోపాటు అతను నేల మీద పడ్డాడు. లేవలేదు. అక్కడే కూర్చుని కూతురి వైపు చూస్తూ, "నేను చూశానమ్మా, డ్రిల్లు జరగడం చూశాను. చూసి కూడా బిగించాను" అన్నాడు.

మిడత తండ్రి దగ్గరకు వెళ్లి మోచేతి దెబ్బ తుడిచింది. అత్త వైపు మాత్రం చూడలేదు.

చాలా రోజులు షాపు ముందునుంచే పోయేది, లోపలికి వచ్చేది కాదు. ఒకనాడు చైను వదులైందని బండి తోసుకుంటూ వచ్చింది. ఇప్పుడు బండిలో పాత రకం నిండు ఇరుసే ఉంది. అది తమ్ముడు తెచ్చి అక్క చేత బిగింపించినది. బ్రేకత్త పానా అందుకుని కూర్చుంది.

"ఆ రోజు ఒక్క రేసుకు ఇరుసు ఆగేదేమో అత్తా" అంది మిడత. "గెలిచేదాన్నేమో."

"గెలిచేదానివేమో" అని ఒప్పుకుంది బ్రేకత్త.

పిల్ల ముక్కాలిపీట లాక్కుని పక్కనే కూర్చుని, వెనక చక్రాన్ని తనే పట్టుకుంది, అత్త చైను బిగించడానికి వీలుగా.