వేడి గడిలో షుగర్ గోలి

అలసిన చేతులతో కూడా తన పని జరిపించుకునే దేవునికి స్తోత్రం.

2023 వానాకాలం. పెద్దవంగర దగ్గరి తండాల్లో నర్సుగా తిరిగేదాన్ని. తడిసిన చెప్పులు, నడుము నొప్పి, చెప్పిందే మళ్లీ చెప్పడం. ఆదివారం ఆరాధనలో కూడా కళ్లు మూతలు పడేవి.

ఒక తండాలో మంగ్లి అవ్వకు పాదం మీద పుండు. షుగర్ దిగడం లేదు. ఇలాగే ఉంటే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. గోలీలు మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే డబ్బాలో ఉన్నాయి. అడిగితే, "మింగుతున్న బిడ్డా" అనేది.

శిక్షణలో మాకు కాన్సెప్ట్ మ్యాపింగ్ నేర్పారు. ఒకే విషయాన్ని ఇద్దరు ఎలా విడదీసుకున్నారో పక్కపక్కన గీసి, ఎక్కడ కలుస్తారో గీతలతో చూడడం. చెప్పే ఓపిక లేక, ఆ రోజు ఆమె అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీశాను.

"ఏంది, గీ పుండు కాలుతోని తొక్కుడుబిళ్ల ఆడిపిస్తవా?" అంది.

ఆమె వైపు రెండు గళ్లు: వేడి, చలువ. నా వైపు రెండు: షుగర్ పెంచేవి, పెంచనివి. ఇంట్లో తినేవి, తాగేవి ఒక్కొక్కటే ఆమె తన గడిలో పెట్టింది. అక్కడి నుంచి నా గడికి నేను గీత లాగాను. గంజి ఆమెకు చలువ. నాకు షుగర్ పెంచేది. మజ్జిగ ఆమెకు చలువ, నాకు పెంచనిది.

చివరికి గోలి ఇచ్చాను. ఆలోచించకుండా వేడి గడిలో పెట్టింది.

"అగ్గి గది. మింగితే పుండుల మంట లేస్తది. అందుకే బంద్ జేసిన. గంజి తాగి సల్లార్చుకుంటున్న."

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వెప్పుడు అడిగినవ్? మింగినవా, మింగినవా అనుడే."

మజ్జిగ నుంచి లాగిన గీత మీద వేలు పెట్టాను. "గంజి మానేసి, అన్నం తిన్నాక గోలి మింగి, మీద మజ్జిగ తాగుతావా?"

ఆ గీతను కాసేపు చూసింది. "గట్లయితే మింగుత. గోలి సల్లబడ్తది."

డాక్టరును అడిగితే, అలా తాగినా ఇబ్బంది లేదన్నాడు. డబ్బా ఖాళీ కావడం మొదలైంది. కాలి చిటికెన వేలు దక్కలేదు, పాదం దక్కింది.

ఆమె లెక్కలో గోలికి తోడు దొరికే దాకా అది గొంతు దిగలేదు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను చాలా నడిచాను. ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్తే ముందు వాళ్ల గళ్లు గీయమంటాను. అందుకు ఎక్కువ సమయం పడుతుంది, అలసటా ఎక్కువే.

అవ్వ పుండుకు ఇంకా కట్టు కడుతూనే ఉన్నాను. అది మానాలని, చెప్పేముందు అడిగే ఓపిక నాలో ఉండాలని, నాతో పాటు ఒక్క నిమిషం మీరూ ప్రార్థించండి.