మేనత్త ఇంటి మీదికి విసిరిన పన్ను

నిన్న వరంగల్ సుబేదారిలో పన్ను పీకించుకోవడానికి కుర్చీలో వెనక్కి వాలగానే, నా కూతురి వయసున్న డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "గుండె జబ్బేమన్నా ఉందా అమ్మా?" లేదని చెప్పి నోరు తెరిచాను గానీ, మనసు డెబ్బైల నాటి హసన్‌పర్తిలో మా మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది.

అత్తకు చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతిన్నది. ఆ సంగతి ఆమెకే పట్టదు, పొలం పనిలో మామను మించేది. భయమంటూ ఉంటే సూదికే. అందుకే పుచ్చిన దవడపన్ను కదలడం మొదలుపెడితే దవాఖానకు పోకుండా, దారం కట్టి తనే పీక్కుంది. నోటినిండా రక్తం, ముఖం నిండా నవ్వు! పాలపన్ను ఊడిన పిల్లలు చేసినట్టే దాన్ని పేడలో పెట్టి పెంకుల మీదికి విసిరి, "మల్లొస్తదో రాదో సూద్దాం బిడ్డా!" అంది. సెలవులకు వెళ్ళిన నేను పడీ పడీ నవ్వాను.

కొన్నాళ్ళకు పొద్దుగూకితే చాలు, జ్వరం. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. మనిషి చిక్కి సగమైంది. చివరికి వరంగల్ పెద్ద దవాఖానలో చేర్చారు. డాక్టరు గుండె విని, "ఈ మధ్య పన్నేమన్న పీకించిన్రా?" అంటే మామ, "లే సార్, పండ్ల డాక్టర్ మొఖమే సూడలే" అన్నాడు. అబద్ధం కాదు మరి! డాక్టరు వెళ్ళబోతుంటే, తోడుగా వెళ్ళిన నా నోరు ఊరుకోలేదు: "పీకించుకోలే సార్, ఆమెనే పీక్కున్నది. ఇంటిమీదికి గూడ ఏసింది." మామ ఉరిమి చూశాడు. డాక్టరు మాత్రం వెనక్కి వచ్చి కూర్చున్నారు.

అత్త రక్తాన్ని పరీక్షకు పంపారు. నేను బీఎస్సీ చదువుతున్నానని తెలిసి, ఫలితం వచ్చాక ల్యాబులో చూపించారు కూడా. గొర్రె రక్తం కలిపిన ఎర్రటి గాజుపళ్ళెంలో, అత్త రక్తంలోని క్రిములు పెరిగి సూదిమొనంత చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ఆకుపచ్చ వలయం. "స్ట్రెప్టోకాకస్. నీ నోట్లె, నా నోట్లె, అందరి నోట్లె ఉంటది. గొలుసులు గొలుసులుగ పండ్లకు అంటుకొని ఉంటది, ఎవ్వలినేమనది. పన్ను ఊడినకాడికెల్లి రక్తంల పడి, దెబ్బతిన్న కవాటం దొరికిందా, అక్కడ్నే ఇల్లు కట్టుకుంటది" అన్నారు. "బతుకుతదా సార్?" అన్నాను. "పెన్సిలిన్‌కు లొంగుతది. కని వారాల తరబడి సూదులు పడాలె."

సూది అనగానే అత్త ఏడ్చింది. ఆమె ఎక్కడ పోతుందోనని నేనూ ఏడ్చాను. ఇక పూటపూటకూ సూది, సూదిసూదికీ డాక్టరుకు తిట్లు. తిట్లలో బలం పెరుగుతుంటే, అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం.

ఇంటికి రాగానే పెంకుల వైపు చూసి, "ఏదే, ఇంక రాకపాయె!" అంది. ఆ పన్ను మళ్ళీ రాలేదు గానీ, నా పిల్లల పాలపళ్ళు ఆ పెంకుల మీదికే తన చేత్తో విసిరేన్ని ఏళ్ళు అత్తకు వచ్చాయి.