మా వాకిట్లో మరక ఉంది, చూడండి

ఇన్నేళ్లలో ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు, చివరిదాకా విన్న మనిషీ లేడు. ఇంట్లో నేను "ఆ బండలు..." అని మొదలుపెడితే చాలు, మా ఆవిడకు పొయ్యి మీది పాలు గుర్తొస్తాయి, పిల్లలకు చదువు గుర్తొస్తుంది (నా ఫిర్యాదు వల్ల జరిగిన మేలు ఇదొక్కటే). అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఆ రోజుల్లో, అంటే నాకు పెద్దపల్లిలో కొత్తగా ఉద్యోగం వచ్చి, ఏ తప్పునైనా మర్యాదగా అడిగితే సరిదిద్దుతారని నమ్మే రోజుల్లో, చొప్పదండిలో మా ఇంటి వాకిలి ఒట్టి మట్టిది. వానలు వదిలిపోయిన బురద బతుకమ్మ పండుగదాకా ఆరేది కాదు. వాడకట్టు ఆడవాళ్లంతా మూలమీది పెద్దమ్మ (ఆమె ఇల్లు మలుపులో ఉండేది, అందరికీ ఆమె ఆ పేరుతోనే తెలుసు) సిమెంటు వాకిట్లో ఆడేవాళ్లు. ఒక ఏడు మా అవ్వ (మా దిక్కు అమ్మను అలాగే పిలుస్తాం), "గీసారి మా ఆకిట్ల ఆడుదమా?" అని అడిగితే పెద్దమ్మ, "మీ ఆకిట్ల ఆడితె బతుకమ్మ కంటె ముందుగాల మనమే మునుగుతం చెల్లె" అంది. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నేను మాత్రం ఆ మాటను భద్రంగా దాచిపెట్టుకున్నాను.

జీతం రావడం మొదలవగానే వాకిలంతా బండలు వేయించాను. బూడిదరంగు తాండూరు బండలు, నున్నగా, ఎండలో చూస్తే వెండిలా ఉండేవి. పరిచింది మేస్త్రి చాచా. సందుల్లో మామూలు సిమెంటు పెడదామన్నాడు చాచా. కానీ కరీంనగర్‌లో నేను వెళ్లిన దుకాణం సేటు (ఏం చెప్పినా నవ్వుతాడు కాబట్టి నేను నవ్వుల సేటు అంటాను) బండల సందులు నింపడానికి కొత్తగా వచ్చిన మసాలా డబ్బా చేతికిచ్చాడు. "గిది పెడితె గడ్డి మొలవది, చీమ దూరది. రేపు నీ మనుమలు సుత గీ ఆకిట్లనే ఆడుకుంటరు తమ్మీ" అన్నాడు. నాకింకా పెళ్లే కాలేదు. అయినా మనుమల కోసం కొన్నాను. డబ్బా మీద బొమ్మలతో చూపించినట్టే చాచా కలిపాడు, నింపాడు, తుడిచాడు. తెల్లారి చూద్దుం కదా, ఆ మసాలాలోని నూనె లాంటిదేదో బండల్లోకి ఇంకి, ప్రతి బండ అంచున నాలుగువైపులా నల్లటి పట్టీ కట్టింది. వాకిలినిండా గోడలేని ఫోటో ఫ్రేములు.

అవ్వ చింతపండు నానబెట్టి, ఇత్తడి బిందెను తోమినట్టు బండలన్నీ తోమింది. దాంతో నడిమధ్య తెల్లబడి అంచుల నలుపు ఇంకా ఎక్కింది. చాచాను పిలిస్తే వచ్చాడు, చూశాడు, తల గోక్కున్నాడు. "బండ పరిచింది నేను బేటా. మరక పరిచింది నేను గాదు" అన్నాడు. సేటుకు ఫోన్ చేస్తే "జర ఓపిక పట్టు తమ్మీ, ఇంక ఆరలే" అన్నాడు. ఆరాక చేస్తే "ఆరినంక గట్లనే ఉంటది, పరేషాన్ గాకు" అన్నాడు. పండుగ దగ్గరికొస్తోంది. ఈసారి మా వాకిట్లోనే ఆట అని అవ్వ వాడకట్టంతా చెప్పేసింది. ఇక సెలవు దొరికినప్పుడల్లా నేను బస్సెక్కి కరీంనగర్ వెళ్లి, ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి గిరాకీకి నా బండల కథ చెప్పడం మొదలుపెట్టాను. చివరికి సేటు నవ్వు కాస్త తగ్గింది. "ఎంగిలిపూల నాడు మీ దిక్కే వస్తున్న. వచ్చి చూస్త, సరేనా?" అన్నాడు. పండుగ మొదటిరోజే మచ్చ బయటపడుతుంది, న్యాయం జరుగుతుంది అనుకున్నాను.

ఎంగిలిపూల మధ్యాహ్నం సేటును రోడ్డు మీద కలుసుకుని, దారిపొడుగునా మరకను వర్ణిస్తూ ఇంటికి తీసుకొచ్చాను. వాకిట్లో అడుగుపెట్టి నేనే ఆగిపోయాను. అవ్వ వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి మనిషికో బండ ఇచ్చింది. ఎవరి బండ మీద వాళ్లు కూర్చుని, నల్లపట్టీ దాటకుండా ముగ్గు వేస్తున్నారు. ఒకదాంట్లో పద్మం, ఒకదాంట్లో చిలకలు. నడిమి బండ మీద మూలమీది పెద్దమ్మ, చీర చెంగు బొడ్లో దోపుకుని, తామరతీగ చుడుతోంది.

సేటు నవ్వు తిరిగొచ్చింది. "యాడుందే తమ్మీ మరక?"

"గా ముగ్గుల చుట్టు నల్లగ కనవడుతలేదా?" అన్నాను.

"మరకేందిరా?" అంది పెద్దమ్మ తలెత్తకుండానే. "గది అంచు. అంచు లేని చీరె కట్టుకుంటరా ఎవలన్న?"

నేను అవ్వ దగ్గరికెళ్లి బతిమాలాను. "అవ్వా, జర ఒక్క బండ కడుగు. చూపెడత."

ముగ్గుపిండి చేత్తోనే అవ్వ నావైపు చూసింది. "పండుగ పూట నా ఆకిట్ల మచ్చ చూపెడుతవారా? పో, సేటుకు కుర్చీ ఎయ్యి."

వేశాను. నా ప్రతివాది నా కుర్చీలోనే కూర్చుని, నా ఇంటి పలారమే తిని, బండలకు ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. (వాటిని తర్వాత దుకాణంలో కొత్త డిజైన్ అని చూపించాడట.) సాయంత్రం మా వాకిట్లో బతుకమ్మ ఆడారు. కాళ్లకింద ముగ్గులు చెరిగాయి, నల్లపట్టీలు చెక్కుచెదరలేదు. పోయేటప్పుడు పెద్దమ్మ, "వచ్చే ఏడు సుత ఈడనే చెల్లె" అంది. అవ్వ "సరె అక్కా" అని మాత్రం అని, గడపలో నిలబడ్డ నావైపు ఒక్కసారి చూసింది. నేను ఎన్నో బస్సులెక్కి సాధించలేనిది ఆమె పిడికెడు పిండితో సాధించింది. ఒప్పుకుంటాను, నాకు ఆ తెలివి ఈ జన్మకు రాదు. కానీ మరక మరకే కదా?

అప్పటినుంచి ఏటా అదే తంతు. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె బండ మీద ఆమె కోడలు తామరతీగ వేస్తుంది. ఎండలకు, వానలకు నల్లపట్టీలు వెలిసిపోయాయి. మొన్న అవ్వ నన్ను పిలిచి, "అంచులు పోతున్నయ్ బిడ్డా. పొల్లగాండ్లు ముగ్గు దాటిస్తున్నరు. కరీంనగర్ల గా మసాలా మల్ల దొరుకుతదేమో అడిగి రా" అంది. నెరిసిన తలతో మళ్లీ అదే దుకాణానికి, అదే స్టూలు దగ్గరికి వెళ్లాను. సేటు ముసలివాడయ్యాడు, నవ్వు మాత్రం పాతదే. "గదా? గది ఎన్నడో బంద్ చేసిండ్రు తమ్మీ. బండలకు మరకలు పడుతున్నయని అన్ని దిక్కులకెళ్లి ఫిర్యాదులొచ్చినయ్" అన్నాడు.

మరకలు. ఆయన నోటితోనే. దుకాణంలో ఆ క్షణాన వినడానికి ఇంకెవరూ లేరు, అదీ నా అదృష్టం. ఇంటికొచ్చి చెబితే అవ్వ, "గాయిన నీ మాటకు ఎదురు చెప్పలేక అనుంటడు తీయ్" అని పూలు కోయడానికి వెళ్లిపోయింది. నేను ఆ వెలిసిన అంచుల మీద చెప్పులిడిచి కాసేపు కూర్చున్నాను. చల్లగా, బాగానే ఉన్నాయి. అయినా సేటు గారూ, ఇది మీరు చదివితే, దుకాణంలో అన్న ఆ మాటనే మా వాకిట్లో నిలబడి మా అవ్వ ముందు అనండి. కుర్చీ వేస్తాను, పలారమూ పెడతాం. ఎప్పుడొస్తారో చెప్పండి.