గొర్రె మెడ, నా గొంతు

నన్ను సోమరిపోతన్నారు. నేను నమ్మాను. ఈ వ్యవహారంలో నా తెలివితక్కువతనమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. మిగతాదంతా మా మామగారి తెలివి.

ఉద్దానంలో, పూండికి సముద్రం వైపున, కొబ్బరితోట ఉన్న ఇంటికి నన్ను ఇల్లరికం తెచ్చుకున్నారు. ఇల్లరికపు అల్లుడు లావెక్కితే మా వైపు దాన్ని రోగమని ఎవరూ అనుకోరు, అత్తవారి కూడు ఒంటబట్టిందంటారు. నాకు మొహం ఉబ్బింది. కళ్ళ కింద సంచులు వేలాడాయి. చర్మం ఎండుచేపలా బిరుసెక్కింది, కనుబొమ్మల కొసలు రాలిపోయాయి. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, నేను పిలిస్తే ఎద్దు కూడా ఎవరో పరాయివాడనుకుని తల తిప్పేది కాదు. కూర్చున్నచోటే కునుకు. తినేది పిడికెడు, పెరిగేది పుట్టెడు. మొగలిపొదలు కూడా వాడిపోయే ఎండల్లో నేను గొంగళి కప్పుకుని వణికేవాణ్ణి.

ఆ గొంగళి మా మామగారికి పండగ. తోటకి ఎవరొచ్చినా తీసుకొచ్చి నా ముందు నిలబెట్టేవారు.

“సూడండి మా అల్లుణ్ణి. రోహిణిలో సలేత్తందట! పనంటే సలి, కూడంటే వేడి.”

వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కాకపోతే నా నవ్వు వాళ్ళు గుమ్మం దాటాక వచ్చేది. అప్పట్లో నాకు అన్నీ అలాగే ఆలస్యంగా వచ్చేవి, కోపంతో సహా.

ఊరి వైద్యుడు ఒంటికి నీరు పట్టిందని ఉప్పు మాన్పించాడు. చప్పిడికూడు తింటే నీరు పోలేదు, నీరసం మాత్రం వచ్చింది. మామగారు నీరూ లేదు, నిప్పూ లేదన్నారు. చివరికి కొబ్బరిమొక్కలకు కావిడితో నీళ్ళు మోస్తూ మోస్తూ గట్టుమీదే నేను నిద్రపోయిన రోజున, నా భార్య ఎదుటే తేల్చేశారు.

“అమ్మోరి సంబరం దాకా సూత్తాను. అప్పటికీ ఒళ్ళు వంగకపోతే నీ మూట నువ్వు కట్టుకుని మీ ఊరెల్లిపో. పిల్ల ఇక్కడే ఉంటాది.”

మర్నాడు పొద్దున్నే నా భార్య నా గొంగళి లాగేసింది.

“లెగండి. టెక్కలి ఆసుపత్రికెల్దాం.”

“ఎందుకు? నాకు రోగం నేదు. ఉన్నది సోమరితనం.”

“సోమరోడికి కనుబొమ్మలు రాల్తాయేటి?”

పూండిలో రైలెక్కి, నౌపడలో దిగి, సన్నపట్టాల చిన్న రైలుబండి పట్టుకుని టెక్కలి చేరాం.

డాక్టరు ముసలాయన. ఆయన పెట్టెలో అన్ని మందులూ ఉన్నాయి, మర్యాద ఒక్కటీ లేదు. ‘నీరు’ అన్నానో లేదో, నా కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాడు.

“గుంట పడిందా?”

“లేదండి.”

“నీరైతే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. నొక్కి చూడడానికి మీ ఊళ్ళో ఎవరికీ వేలు లేదా?”

తరవాత మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టాడు. నా కాలు కాసేపు ఆలోచించుకుని కదిలింది. నాడి చూశాడు, మెడ తడిమాడు. ఆ మెడలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుందట. ఒంట్లో పొయ్యికి సెగ అదే అందిస్తుందట. నాది ఆరిపోతోందన్నాడు.

“అయితే నేను సోమరిని కాదాండి?”

“ఆ సంగతి మందు పనిచేశాక తేలుతుంది.”

గొర్రె మెడలో ఉండే అదే గ్రంథిని ఎండబెట్టి, పొడిచేసి కట్టిన మాత్రలు రాసిచ్చాడు. మద్రాసు నుంచి రైల్లో రావాలి, బతికినన్నాళ్ళూ మింగాలి. సంబరం లోపు మంచివాణ్ణయిపోవాలన్న ఆత్రంలో నేను వాటిని రెండింతలు మింగాను. చేతులు వణికాయి, చెమటలు పోశాయి, గుండె తప్పెట మోగిస్తూ తప్పెటగుళ్ళు ఆడింది. డాక్టరు మళ్ళీ తిట్టి, మోతాదు తగ్గించాడు.

నెలలు తిరిగేసరికి ఉబ్బు దిగింది, గొంతు తిరిగొచ్చింది, గొంగళి దండెమెక్కింది. నేను కావిడి ఎత్తాను. ఎద్దు నా మాట వింది. మూట సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ మామగారు ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. పైగా ఊరంతా చాటారు.

“మందేటి, గిందేటి? నా నోరే మందు. తిట్టి తిట్టి లేపినాను.”

తిట్లనైతే క్షమించేవాణ్ణేమో. ఆ వైద్యాన్ని మాత్రం క్షమించలేకపోయాను.

సంబరం వచ్చింది. అమ్మవారికిచ్చిన గొర్రెను మా వాకిట్లో కోసి పంచుతున్నారు. మా ఇంట మెడ వాటా ఇంటిపెద్దది, ఇంకొకరు ముట్టకూడదు. అది తన ఆకులో పడేటప్పుడు మామగారి చెయ్యి మీసం మీద ఉండేది. చుట్టాలంతా చూస్తుండగా నేను ముందుకెళ్ళాను.

“మావయ్యా, ఈపాలి మెడ నాకు గావాల.”

కోసేవాడి కత్తి ఆగింది.

“ఏటీ? నువ్వు ఇంటికి పెద్దోడివైపోనావేటి?” అన్నారు మామగారు.

“పెద్దోణ్ణి కాదు, రోగిట్టోణ్ణి. నా మందు గొర్రె మెడలోదేనని డాక్టరు సెప్పినాడు. కాదు, నీ నోరే మందంటావా, మెడ నువ్వే ఉంచుకో. రోజూ పొద్దున్నే వచ్చి నన్ను తిట్టు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా అత్తగారు గుమ్మంలోంచి అందుకున్నారు. “అల్లుడి పేనం కన్నా నీకు మెడముక్క ఎక్కువేటి? ఇచ్చీ!”

ఇవ్వకపోతే అల్లుడి మందు తిన్న మామ అవుతారు. ఇస్తే, నన్ను లేపింది తన నోరు కాదని ఒప్పుకున్నట్టు. ఇచ్చారు. అంతవరకూ ఎవరికీ వంగని మామగారి మెడను వంచడానికి ఒక గొర్రె తన మెడ ఇచ్చుకోవలసి వచ్చింది.

డాక్టరు చెప్పిన గ్రంథి వేలెడు కూడా ఉండదు. నేను పుచ్చుకున్నది మెడంతా. ఆ కాస్త ముక్కనూ వెతికి తీసి కుక్కకు వేశాను. ఎందుకంటే మాత్రల సీసా నిండుగా నా రొంటినే ఉంది, రెండూ కలిస్తే మళ్ళీ తప్పెటగుళ్ళే. కూర మాత్రం మామగారి ఎదురుగా కూర్చుని, ఎముక ఎముకా చీకుతూ, ఆయన అన్నట్టే సోమరిపోతులా, చాలా నెమ్మదిగా తిన్నాను.