నిండుకుంది అంటే ఏమిటి?

మా చిన్నప్పుడు... బియ్యం డబ్బాలో సోల అడుగుకు తగిలి చప్పుడైతే అమ్మ చెయ్యి ఆగిపోయేది. నేను పక్కనుంచి తొంగి చూసి "అమ్మా, బియ్యం అయిపోయాయి" అని అరిచేవాణ్ని. వెంటనే నెత్తిన ఒక మొట్టికాయ.

"అలా అనకూడదు నాన్నా. నిండుకున్నాయి అనాలి."

బియ్యమే కాదు... కిరసనాయిలు, పసుపు, కుంకుమ... ఏదీ మా ఇంట్లో అయిపోయేది కాదు. నిండుకునేది. అయిపోయింది అంటే ఇక ఇంట్లోకి రాదేమోనని అమ్మ భయం.

మాది కోస్తా. నాన్న ఉద్యోగం కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి ఓనరమ్మ యాదమ్మకు ఈ మాట వింటే నవ్వాగేది కాదు.

"గిదేంది ఒదినె... డబ్బా బోర్లిచ్చి సూపిస్తవ్, నిండిందంటవ్! ఒడిసిందని చెప్పరాదూ?"

"అలా అంటే డబ్బా నొచ్చుకుంటుంది వదినా. రేపు మళ్లీ నింపాల్సింది దాన్నేగా," అనేది అమ్మ.

నాకు హయత్‌నగర్ అమ్మాయితో పెళ్లయింది. సుగుణ. ఆమె పుట్టింట్లో అన్నీ ఒడిసేవి. మా ఇంటికొచ్చాక అత్తగారి దగ్గర ఈ మాట నేర్చుకుంది. నేను విసుక్కుంటే, "సారుకు ఓపిక నిండుకున్నట్టుంది" అని ఆటపట్టించేది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం... అప్పటికి అమ్మ లేదు. మేం ఎల్బీనగర్‌లో ఉంటున్నాం. లేస్తే టీవీ. బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు, శ్మశానాల దగ్గర వరుసలు... హైవే మీద బస్సుల చప్పుడు పోయి అంబులెన్సుల కూత మిగిలింది. ఒకటి దగ్గరికొస్తుంటే, మా వీధిలోకి తిరుగుతుందా, ముందుకు పోతుందా అని చెవులు అటే ఉండేవి. ముందుకు పోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు.

"ఆ టీవీ బంద్ చేయండ్రి. భయానికే ఒచ్చేటట్టున్నది," అంది సుగుణ.

వచ్చింది. ఆమెకే.

మా అమ్మాయిని హయత్‌నగర్‌లో సుగుణ తమ్ముడు మల్లేశం ఇంటికి పంపేశాం. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. మల్లేశమే ఎక్కడెక్కడో తిరిగి రెండు ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చాడు. ఒకటి మంచం పక్కన ఉంటే ఇంకోటి నింపించడానికి వాడి ఆటోలో తిరిగేది. ఇది అయ్యేలోపు అది రావాలి. నేను సిలిండర్ మీది ముల్లు చూస్తూ కూర్చునేవాణ్ని...

ఆ మధ్యాహ్నం ముల్లు ఎర్రగీతలోకి దిగింది. సరిగ్గా అప్పుడే మల్లేశం ఫోన్. వెనక అరుపులు, తోపులాట.

"బావా, లైన్ల మన వంతు ఒచ్చింది. గీడ ఒకామె ఏడుస్తున్నది, వాళ్ల నాయినకు అర్జెంటట. జర ముందుగాల ఆమెను పోనియ్యాల్నా? మనది ఎట్లున్నది?"

"నిండుకుంది రా!"

"నిండుగున్నదా? మంచిగైంది బావా."

పెట్టేశాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. సుగుణకు అర్థమైంది. మొహం మీది మాస్కు పక్కకు లాగింది.

"వానికి... మీ మాట తెల్వది. ఒడిసిందని... చెప్పుండ్రి."

మళ్లీ చేశాను. రింగు కంటే ముందు ఆ ప్రకటన... మాస్కు పెట్టుకోండి, దూరం పాటించండి. మొత్తం విన్నాను. ఆ తర్వాత ఎంగేజ్. మళ్లీ నొక్కితే మళ్లీ అదే ప్రకటన, అదే గొంతు, అదే నిదానం...

"మల్లేశం, ఒడిసింది! ఒడిసింది రా!"

"అయ్యో... నిండుగున్నదంటివి గద బావా! ఆమెది ఎక్కిచ్చిన్రు. గిది కాంగనే మనదే. ఆగుండ్రి, ఒస్తున్న... ఒస్తున్న."

డాక్టరు ఫోన్‌లో చెప్పినట్టు ఆమెను బోర్లా పడుకోబెట్టి వీపు నిమురుతూ కూర్చున్నాను. కింద ఏ బండి ఆగినా లేచి కిటికీ దగ్గరికి వెళ్లేవాణ్ని. వచ్చి మళ్లీ వీపు మీద చెయ్యి వేసేవాణ్ని. అది పైకి లేస్తోందా అని...

ముల్లు అడుగుకు ఆనాక మెట్ల మీద ఇనుము తగిలిన చప్పుడైంది. మల్లేశం సిలిండర్‌ను భుజాన మోసుకొచ్చాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

గాలి అందాక, చాలాసేపటికి, సుగుణ తమ్ముడి వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది... బావ తెలుగు రాకపాయెనా నీకు?"

"ఆయన తెలుగు నాకేడొస్తదక్కా!" వాడు గుమ్మం దగ్గరే కూలబడి, ఏడుస్తూనే నవ్వాడు.

రెండు రోజులకు ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. తీసుకెళ్లారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. అక్కడ ఆక్సిజన్‌కు కొరత లేదు. అయినా...

ఒక పొద్దున వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. మల్లేశానికి నేనే చెప్పాలి. నాకు మెత్తటి మాటలు చాలా తెలుసు. ఏ ఒక్కటీ నోటికి రాలేదు.

"బావా... అక్కకు ఎట్లున్నది?"

"పోయింది, మల్లేశం."

వాడు మళ్లీ అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పాల ప్యాకెట్ ఊపి చూసి, "నాన్నా, పాలు ఖతం" అంటుంది. నేను దిద్దను. చెప్పులేసుకుని కిందికి వెళ్తాను.

నిండుకుంది లాంటి మాటలు మెల్లగా ఇళ్లలోంచి వెళ్లిపోతున్నాయి... మీ ఇళ్లలోనూ పెద్దవాళ్లు నోటికి రానివ్వని మాటలు ఉండే ఉంటాయి. వాటికి బదులు ఏమనేవారు? రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను. వాళ్లమ్మ ఉంటే తనే చెప్పేది.