సారు మొహం సాపు చేయకండి

మా డ్రాయింగ్ సారు పోయారు. భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉండగా, మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగారట. పదిన్నరకు కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పదకొండుకు మళ్ళీ చేశాడు. అతను ఒకప్పుడు నా దగ్గరే లెక్కలు చదువుకున్నాడు.

"మేడం, నాయినది మంచి ఫొటో ఒకటుంటె పంపుండ్రి. శాంతంగ ఉన్నది."

నా దగ్గర సారు ఫొటోలు పదిహేడు ఉన్నాయి. శాంతంగా ఉన్నది ఒక్కటీ లేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి, మృదుభాషి, అజాతశత్రువు అని మూడు మాటలు వేస్తారు. ఆయన ఆ మూడూ కారు. బచ్చన్నపేట హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళు పక్కపక్క గదుల్లో పాఠం చెప్పాం. నేను లెక్కలు, ఆయన బొమ్మలు. స్టాఫ్ రూంలో ఎవరైనా గొప్పలు మొదలుపెడితే ఆయన ఎడమ కనుబొమ్మ పైకి పోయేది, కింది పెదవి పక్కకు జారేది. ఒక్క మాట అనేవారు కాదు. ఆ మొహం చాలు, గొప్పలు ఆగిపోయేవి. సిలబస్ మిగిలింది, డ్రాయింగ్ పీరియడ్ నాకివ్వమని అడిగినప్పుడల్లా నాకూ అదే మొహం చూపించారు. ఒక్క పీరియడ్ కూడా ఇవ్వలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆయన చేసిందే సరి అని ఇప్పుడు రాసి ఇస్తున్నాను.

రిటైరయ్యాక జనగామలో తన ఇంటి వరండాలో ఆదివారాలు మొహాలు గీయడం నేర్పేవారు. అరవై మూడో ఏట నేను చేరాను. ఈ వయసుల బొమ్మలేందని ఇంట్లో నవ్వారు. నవ్వనీ అని పెన్సిల్ చెక్కుకున్నాను.

మొదటి వారం, ఇంట్లో ఎవరైనా కోపంగా ఉన్నప్పుడు ఫొటో తీసుకుని రమ్మన్నారు. నేను మా కోడలి ఫోన్‌తో మా ఆయనను తీసి తెచ్చాను. ఆ ఫోన్ తనంతట తానే మొహం మీది ముడతలన్నీ చెరిపేస్తుందని నాకు తెలియదు.

"గీతలేవి అక్కా?" అన్నారు సారు. "పొట్టు దీసిన కోడిగుడ్డుకు కోపమొస్తదా?"

ఆయన దగ్గర ఒక లావు నోటుబుక్కు ఉండేది. నిండా ఫొటోలు, ప్రతి ఫొటో కింద ఒక పేరు. అలక. గుర్రు. ఎక్కిరింత. ముసిముసి. ఏడుపు మింగింది. ఒకసారి ఒక ఫొటో కింద నేను 'సంతోషం' అని రాస్తే కొట్టేశారు.

"సంతోషమంటె ఏ సంతోషం అక్కా? ఎండల వడి వచ్చి నీళ్ళు తాగిన సంతోషమా, పక్కింటోన్ని బర్రె తన్నిన సంతోషమా? రెండు నవ్వులల్ల పండ్లు ఒక్క తీరు కనవడవు."

ఒకసారి మమ్మల్ని డోర్నకల్ జంక్షన్‌కు తీసుకుపోయారు. రైలు తప్పిపోయినవాళ్ళ మొహాలు అక్కడే దొరుకుతాయని. ఒక మిరపకాయల మూట మీద కూర్చున్న ఆమెను అడిగి ఫొటో తీశారు.

"నా మొహం నీకేం జేసుకోను సారూ?" అందామె.

తీసింది చూపించారు. ఆమె చాలాసేపు చూసింది. "అవ్వో, గిది మా అత్త మొహం గదా. నాకెప్పుడొచ్చింది?" అని నవ్వింది. ఆ నవ్వును రెండో ఫొటో తీశారు. అదే ఆయనకు కావలసింది. తిరుగు రైల్లో మహబూబాబాద్ దాటేదాకా రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, చెంప ఎక్కడ కదిలిందో మాకు చూపించారు.

"ఫొటో సాక్షి లెక్క. ఒక్క సాక్షిని నమ్మద్దు, ముగ్గురిని అడగాలె. తీర్పు మాత్రం మీరే జెప్పాలె," అనేవారు.

ఆయన పోయిన నాలుగో రోజు కొడుకు ఒక ఫొటో పంపాడు. నేను పంపినదాన్నే స్టూడియోలో మార్పించాడట. నీలం కోటు, ఎర్ర టై. సారు జన్మలో కోటు తొడగలేదు. నల్లటి మనిషి తెల్లగా వచ్చాడు. నుదుటి మీది మూడు గీతలూ లేవు. కనుబొమ్మలు రెండూ సమానం. ఇంక గోడ మీద ఉండేది ఇదే. మనుమలు తాత అంటే ఈ కోటు మనిషే అనుకుంటారు.

ఫోన్ చేశాను. "ఇది మీ నాయిన కాదు."

"ఎక్కిరించే మొహానికి దండేస్తె మంది ఏమనుకుంటరు మేడం?"

"మంది ఆ మొహాన్ని ఇన్నేండ్లు చూసిన్రు. ఇంకిన్నేండ్లు చూస్తరు తియ్యి."

ఐదు రోజులు గీశాను. స్కూలు వీడ్కోలు సభ ఫొటోలోంచి కళ్ళు, వరండా ఫొటోలోంచి పెదవి, డోర్నకల్‌లో నేను తీసిన ఆయన ఫొటోలోంచి నుదురు. ఎడమ కనుబొమ్మ ఏడుసార్లు చెరిపాను.

పెద్దకర్మ రోజున బొమ్మను ఒళ్ళో పెట్టుకుని బస్సులో భూపాలపల్లి పోయాను. కోటు ఫొటో కుర్చీలో ఉంది, దండ వేసి. నా బొమ్మను లోపల పెడదామన్నాడు కొడుకు. నేను ఇవ్వలేదు. పక్కనే ఇంకో కుర్చీ వేసి అందులో నిలబెట్టాను.

వాళ్ళ బంధువు ఒకాయన, "గిదేంది, సచ్చినాయన మనల్ని ఎక్కిరిస్తున్నట్టున్నడు" అన్నాడు.

"ఎక్కిరిస్తున్నడు," అన్నాను. "అట్లనే గీసిన."

సారు భార్య లోపలి గది నుంచి వచ్చింది. ఈ పది రోజులూ ఆమె సరిగా మాట్లాడలేదని, బతిమాలితే రెండు ముద్దలు తింటున్నదని ఆమె కోడలు చెప్పింది. బొమ్మ ముందు ఆమె నిలబడింది. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె కాదంటే నేను దాన్ని మళ్ళీ బస్సెక్కించాల్సిందే.

"కూరల ఉప్పెక్కువైన నాడు గిట్లనే జూస్తుండె," అంది చివరికి. "నోరు మాత్రం దెర్వకపోయేది."

ఎవరో బొమ్మకు బొట్టు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. "వద్దు. గీతలు కనవడయ్."

మంది పోయాక ఆమె కంచం తెచ్చుకుని బొమ్మకు ఎదురుగా కింద కూర్చుంది. పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, తల ఎత్తి, "ఉప్పు సరిపోయింది తియ్యి" అని ఇంకో ముద్ద కలుపుకుంది.